ఏలూరు బ్లడ్ బ్యాంకులో ఒక లైసెన్సు తాళం

నేను ఒక డాంగిల్‌ని. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కని. ఒక చివర కంప్యూటర్‌లో దూరే లోహపు మూతి, మరో చివర చిన్న ఆకుపచ్చ దీపం. నన్ను చూసి పెన్‌డ్రైవ్ అనుకుని చాలామంది పొరబడ్డారు. పెన్‌డ్రైవ్ ఏదో ఒకటి దాచి పెడుతుంది, అడిగితే ఇస్తుంది. నా దగ్గర దాచడానికేమీ లేదు. నేను తాళంచెవిని. నన్ను తగిలిస్తేనే ఒక సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. పీకేస్తే ‘లైసెన్సు కనబడలేదు’ అని ఒక్క ముక్క చెప్పి మూసుకుంటుంది.

ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో, ఒకే పోలిక ఉన్న వేలమంది తోబుట్టువులతో పుట్టాను. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ మమ్మల్ని పెట్టెల లెక్కన కొని తెచ్చింది. అక్కడ నా కడుపులో మూడు సంగతులు రాశారు: ఏ సాఫ్ట్‌వేర్ తెరవాలి, ఎన్ని కంప్యూటర్లలో తెరవాలి, ఏ తేదీ దాకా తెరవాలి. బియ్యం వండుకుంటే అయిపోతాయి, చీర కట్టుకుంటే చిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఎంతమంది వాడినా తరగదు. తరగని సరుకును అమ్ముకోవాలంటే దానికి అడ్డంగా నిలబడేది ఒకటి కావాలి కదా. అలా నిలబడడానికే నన్ను చేశారు. వాళ్ళను తప్పు పట్టలేను. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళూ నెల తిరిగేసరికి ఇంటద్దె కట్టాల్సినవాళ్ళే.

మొదట విజయవాడలో ఒక నర్సింగ్ హోమ్‌కు చేరాను. అక్కడి చిన్న బ్లడ్ బ్యాంకులో ఏ సంచీ రక్తం ఎవరిచ్చారు, ఎవరికి వెళ్ళింది అనేది రాసుకునే సాఫ్ట్‌వేర్‌కు నేను తాళం. కొన్నేళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఆ నర్సింగ్ హోమ్ యజమానులు విడిపోయారు. కుర్చీలు ఒకరు, ఏసీలు ఒకరు పట్టుకుపోయారు. పాత కంప్యూటర్ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఏలూరులో ఒక ట్రస్టు నడుపుతున్న బ్లడ్ బ్యాంకుకు దాన్ని దానంగా పంపించారు. వెనక నేను గుచ్చి ఉన్నానన్న సంగతి పంపినవాళ్ళు చూసుకోలేదు. పుచ్చుకున్నవాళ్ళూ చూసుకోలేదు.

ఆ ట్రస్టుకు పెద్ద డాక్టర్ సుందరరామయ్య గారు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. తక్కువ మాట్లాడతారు, ఎక్కువ దిగులుపడతారు. రక్తం తీసి పరీక్షలు చేసే టెక్నీషియన్ షేక్ బాజీ. దాతలకు ఫోన్లు చేసి పిలిపించేది, వాళ్ళ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేది సువార్త. నలభై దాటిన మనిషి. ఇంటర్ చదివింది. కంప్యూటర్ గురించి ఆమెకు తెలిసిందల్లా, తెల్ల గడుల్లో టైపు చేసి ‘సేవ్’ నొక్కడమే. అది నొక్కిన ప్రతిసారీ తెర వంక ఒక క్షణం అనుమానంగా చూసేది, నిజంగానే దాచిందా లేదా అన్నట్టు.

ఆ బ్లడ్ బ్యాంకుకు తలసీమియా పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళ ఒంట్లో రక్తం తనంత తాను సరిగా తయారు కాదు. మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే. వాళ్ళలో దెందులూరు నుంచి వచ్చే భవాని అనే ఎనిమిదేళ్ళ పాప పరిస్థితి మరీ ఇబ్బంది. ఎన్నోసార్లు రక్తం ఎక్కించడం వల్ల ఆ పాప ఒళ్ళు కొన్ని రకాల రక్తాన్ని తిప్పికొట్టడం నేర్చుకుంది. గ్రూపు కలిస్తే చాలదు, ఇంకా లోతైన పరీక్షల్లోనూ కలవాలి. అలా కలిసే దాతలు ఆ జిల్లా మొత్తంలో కొద్దిమందే. ఒకసారి ఇచ్చినవాళ్ళు మళ్ళీ మూడు నెలల దాకా ఇవ్వకూడదు. కాబట్టి ఎవరు ఎప్పుడిచ్చారు, ఇప్పుడు ఎవరిని పిలవొచ్చు అన్నది చిటికెలో తెలియాలి. కాగితాల మీదా అన్నీ ఉన్నాయి కానీ, అవి తేదీల వారీగా కట్టలు కట్టలు. వాటిలో ఒక మనిషిని పట్టుకోవాలంటే రోజంతా పడుతుంది. కంప్యూటర్ క్షణంలో చెప్పేది. నా దీపం వెలుగుతున్నంతసేపే చెప్పేది.

భవాని తల్లి వీరవేణి రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. వచ్చినప్పుడల్లా సువార్త బల్ల ముందు నిలబడి ఒకటే మాట అడుగుతుంది.

“దొరికేరాండీ?”

“దొరికారమ్మా, కూర్చో,” అనేది సువార్త. ఆ మాట చెప్పగలిగిన రోజున ఆమె మొహం వేరుగా ఉండేది.

ఒక ఉదయం తెర మీద పసుపురంగు గడి ఒకటి వచ్చి కూర్చుంది. ‘మీ లైసెన్సు గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది.’ సువార్త దాన్ని మూసేసింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఆమె కంపెనీకి ఫోను చేసింది. డాక్టరు గారు వినాలని స్పీకర్ పెట్టింది.

“మేడమ్, ఆ లైసెన్సు మీ పేరున లేదు,” అన్నాడు అవతలి మనిషి, మర్యాదగానే. “విజయవాడ నర్సింగ్ హోమ్ పేరున ఉంది. అసలు మీరు వాడకూడదు.”

“మాకు దానంగా ఇచ్చారండీ.”

“కంప్యూటర్ ఇవ్వొచ్చండి. లైసెన్సు ఇవ్వడానికి వాళ్ళకి హక్కు లేదు. మీరు కొత్తది తీసుకోవాలి. ఇప్పుడు కొన్నేళ్ళకి ఒకసారి కొనడం లేదు, ఏడాదికేడాది కట్టడమే. కంప్యూటర్‌కి ఇంత చొప్పున.”

అతను చెప్పిన మొత్తం విని డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది ట్రస్టులో అందరి రెండు నెలల జీతం కంటే ఎక్కువ. రోజూ దానం మీద నడిచే ఆ గదిలో, దానంగా ఇవ్వడానికి వీల్లేనిది నేనొక్కదాన్నే అని నాకు ఆ రోజు తెలిసింది. అన్నాళ్ళూ దొంగసొత్తులా అక్కడ వెలుగుతున్నానని కూడా తెలిసింది.

“ఏం చేద్దామండీ?” అంది సువార్త.

“ఆ డబ్బు కడితే పిల్లలకి పరీక్షల కిట్లు ఆగిపోతాయి,” అన్నారు ఆయన.

మర్నాడు బాజీ ఒక మార్గం చెప్పాడు. “అక్కా, మా వీధిలో ఒకతను ఉన్నాడు. ఏ సాఫ్ట్‌వేరైనా తాళం పగలగొట్టేస్తాడు. డాంగిల్‌తో పనే ఉండదు. రెండు రోజులు మిషను వాళ్ళింట్లో పెడితే చాలంట.”

సువార్త ఆలోచనలో పడింది. నిజం చెప్పాలంటే ఆమెకు ఆశ పుట్టింది. మౌస్ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. తర్వాత మెల్లగా అంది.

“ఇందులో ఎవరికి ఏ జబ్బు బయటపడిందో కూడా ఉంది బాజీ. మొన్న ఆ కుర్రాడికి హెచ్‌ఐవీ అని తేలితే, డాక్టరు గారు తలుపేసి చెప్పారు. అతను ఏడుస్తా నా బల్ల పక్కనించే వెళ్ళాడు. అలాంటివన్నీ తీసుకెళ్ళి ఎవరింట్లోనో పెట్టి వస్తామా?”

ఆ మార్గం అక్కడితో మూసుకుపోయింది. పసుపు గడి మాత్రం ఇంకా తొందరతొందరగా రావడం మొదలుపెట్టింది.

ఆ వారంలో కంపెనీ తరఫున యుగంధర్ అనే సర్వీసు ఇంజినీరు వచ్చాడు. పల్చటి మనిషి, మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో హెల్మెట్. కొత్త లైసెన్సు కొనిపించడానికి వచ్చాడు. కొనకపోతే గడువు రోజున నన్ను వెనక్కి తీసుకుపోవాలి. అదే సమయానికి వీరవేణి వచ్చింది. పాప బెంచీ మీద తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. అతను కొటేషన్ కాగితం బల్ల మీద పెట్టబోయి, పెట్టకుండానే కాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

“గడువైపోతే ఈ పేర్లన్నీ పోతాయాండీ?” అని అడిగింది సువార్త.

“పోవు మేడమ్. కంప్యూటర్‌లోనే ఉంటాయి. కానీ చూడలేరు.”

“ఉండీ చూడలేకపోతే ఏం లాభమండీ?”

అతను హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించకుండానే, అంటే తప్పు చేస్తున్నవాడిలా కాకుండా అన్నాడు: “మేడమ్, సాఫ్ట్‌వేర్ మాది. అందులో మీరు ఎక్కించిన వివరాలు మీవి. రిపోర్టుల మెనూలో కింద ‘ఎగుమతి’ అని ఉంటుంది. అది అందరికీ ఇచ్చిందే, దాచిందేం కాదు. గడువులోపల మొత్తం బయటికి తీసుకోండి. తర్వాత వాటిని ఎందులో పెట్టుకుంటారన్నది మీ ఇష్టం. ఉచితంగా దొరికే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. లైసెన్సు బాధ ఉండదు. కాకపోతే వాటికి నాలాగా ఫోను చేస్తే వచ్చేవాడు ఎవడూ ఉండడు. మీరే తయారుచేసుకోవాలి.”

“మేమా? మాకేం వచ్చండీ?”

“నేర్చుకోవాలి మేడమ్,” అని హెల్మెట్ తీసుకున్నాడు.

సువార్త నేర్చుకోవడం మొదలుపెట్టింది. ధైర్యంతో కాదు, భయంతో. బస్సులో వస్తూ ఫోనులో తెలుగు పాఠాల వీడియోలు చూసేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక బాజీ కుర్చీ పక్కకు జరిపి, ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, విన్నది చేసి చూసేది. నేను కంప్యూటర్ వెనకే ఉన్నాను కాబట్టి ఆమె వేళ్ళు ఎక్కడ తడబడుతున్నాయో నాకు తెలుస్తూనే ఉండేది. ఒక కామా మరిచిపోతే తెర నిండా ఎర్రటి అక్షరాలు వచ్చేవి. వాటిని చూసి ఆమె మొహం, ఎవరో కేకలేసినట్టు, చిన్నబోయేది.

మొదట ఆమె గడుల పట్టికలాంటి ఒకే ఒక్క టేబుల్ చేసింది. పేరు, ఊరు, ఫోను, గ్రూపు, మొదటిసారి రక్తమిచ్చిన తేదీ, రెండోసారి ఇచ్చిన తేదీ, మూడోసారి ఇచ్చిన తేదీ. నాలుగోసారి ఇచ్చినవాడు రాగానే ఎక్కడ రాయాలో తెలియక కూర్చుండిపోయింది. బాజీ వచ్చి, “ఇంకో గడి కలుపు అక్కా,” అన్నాడు. కలిపింది. ఇరవైసార్లు ఇచ్చినవాడు ఒకడు తగిలాడు. ఆ రోజు ఆమె ఏమీ చేయకుండా కంప్యూటర్ కట్టేసింది.

మరుసటి రోజు వస్తూనే అంది: “బాజీ, మనిషి ఒకచోట, ఇచ్చిన రక్తం ఇంకోచోట. మనిషిని ఒక్కసారే రాయాలి. రక్తమిచ్చిన ప్రతిసారీ వేరే టేబుల్లో ఒక వరస. రెండిటికీ మధ్య దాత నంబరు ముడి.” ఆ మాట ఎన్నో పాఠాల్లో ఆమె వినే ఉంటుంది. కానీ ఆ రోజే అర్థమైంది. ఆ రోజు ఆమె ఎర్ర అక్షరాలకు కూడా భయపడలేదు.

డాక్టరు గారికి మాత్రం నిద్ర పట్టేది కాదు. “సువార్తా, కంపెనీ వాళ్ళదైతే తప్పొస్తే వాళ్ళనడుగుతాం. నువ్వు తయారుచేసినదాంట్లో తప్పొస్తే ఎవర్నడగాలి?”

“నన్నే అడగాలండీ,” అంది. ఆ మాట అన్న తర్వాత ఆమెకూ నిద్ర పట్టడం మానేసింది.

ఎగుమతి చేసిన వివరాలన్నీ కొత్త డేటాబేస్‌లోకి చేర్చింది. గడువు రెండు రోజుల్లోకి వచ్చింది. ఆ పగలు పదకొండు గంటలప్పుడు ఒక దాత ఫోను చేసి, తన గ్రూపు తప్పు పడిందని, తనది బి నెగెటివ్ అని చెప్పాడు. బాజీ పరీక్ష కాగితం తీసి చూసి నిజమేనన్నాడు. చిన్న సవరణ. గ్రూపును బి నెగెటివ్‌గా మార్చమని సువార్త ఆదేశం రాసింది. ఎవరికి మార్చాలో చెప్పే షరతు దాని చివర రాయాలి. రాయబోతుంటే ఫోను మళ్ళీ మోగింది. ఒక చేత్తో ఫోను ఎత్తి, షరతు రాయకుండానే రెండో చేత్తో మీట నొక్కేసింది.

తెర మీద ఒక చిన్న వాక్యం వచ్చింది. వేల వరసలు మారాయని.

ఆమెకు మొదట అర్థం కాలేదు. జాబితా తెరిచి చూసింది. మొదటి పేరు బి నెగెటివ్. రెండో పేరు బి నెగెటివ్. కిందికి జరుపుతూ పోయింది. ఆ జిల్లాలో ఎన్నేళ్ళుగానో రక్తమిస్తున్న మనుషులందరూ ఒక్క నొక్కుతో ఒకే గ్రూపు అయిపోయారు. ఫోనులో అవతలి మనిషి ‘హలో హలో’ అంటూనే ఉన్నాడు. ఆ మనిషి వీరవేణి.

“మేడమ్ గారూ, పాపకి మళ్ళీ ఆయాసం వస్తందండీ. మూడు వారాలు కాకుండానే తీసుకొచ్చేత్తన్నాను. ఎవరన్నా దొరుకుతారాండీ?”

“తీసుకురామ్మా,” అంది సువార్త.

తప్పు దాచుకోవచ్చు. పాత సాఫ్ట్‌వేర్ ఇంకా పనిచేస్తోంది కాబట్టి ఎవరికీ చెప్పకుండా మెల్లగా సరిచేసుకోవచ్చు. ఆమె లేచి నేరుగా డాక్టరు గారి గదిలోకి వెళ్ళింది. వెనక్కి ఆయనతోనే వచ్చింది. ఆయన మొహం ఎర్రగా ఉంది.

“అందుకే చెప్పాను,” అన్నారు. “అందుకే భయపడ్డాను. నెలాఖరు దాటాక ఇదే జరిగుంటే?”

సువార్త తల దించుకుని నిలబడింది. “మొదలుపెట్టేముందు కాపీ తీసి పెట్టుకోమని పాఠంలో చెప్పారండీ. పని తొందరలో తియ్యలేదు.”

ఆయన ఇంకా ఏదో అనబోయారు. గోడ మీది గడియారం చూసి ఆగిపోయారు. ఒక కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. “సరే. ముందు ఆ పాప సంగతి చూడు. పాతది తెరువు.”

అంత భయంగా నేనెప్పుడూ వెలగలేదు. ఆ క్షణాన కరెంటు పోతే, కంప్యూటర్ మొరాయిస్తే, నా లోపలి పాత చిప్పు మొండికేస్తే, ఆ పాపకు దిక్కు లేదు. పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. భవానికి కలిసేవాళ్ళ పేర్లు వచ్చాయి. అందులో చాలామంది ఈమధ్యే ఇచ్చినవాళ్ళు. ఇవ్వగలిగినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకతను ఊళ్ళో లేడు. రెండో అతను లారీ మెకానిక్, పేరు సత్తిరాజు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. సువార్త మళ్ళీ చేసింది. మూడోసారి ఎత్తాడు.

“వచ్చేత్తానండీ, చేతులు కడుక్కుని,” అన్నాడు.

వీరవేణి పాపను భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చేసరికి సత్తిరాజు రక్తం సంచీలోకి ఎక్కుతోంది. బాజీ పరీక్షలన్నీ ముగించి తెచ్చాక పాపకు ఎక్కించారు. సాయంత్రానికి పాప లేచి కూర్చుని బిస్కెట్ అడిగింది.

ఆ సాయంత్రం నుంచే సువార్త మొత్తం పని మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ ఎగుమతి, మళ్ళీ చేర్చడం. ఈసారి ప్రతి అడుగుకూ ముందు ఒక కాపీ తీసి వేరే డిస్కులో పెట్టింది. మర్నాడంతా డాక్టరు గారు ఆమె పక్కనే కూర్చుని, ప్రత్యేకమైన రక్తం అవసరమైన పిల్లలకు కలిసే దాతల వివరాలను తెరలో ఒక సగాన ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌లోంచి పైకి చదివారు. ఆమె రెండో సగాన ఉన్న కొత్తదాంట్లో చూసి ‘ఊ’ అంది. ఒకచోట ఆయనే తప్పు చదివారు. ఆమె ఆపింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు. పేరు పేరునా ఇద్దరూ చూసుకున్నాకే లేచారు.

గడువు రోజున యుగంధర్ వచ్చాడు. వచ్చీరాగానే అడిగాడు.

“కొంటున్నారా మేడమ్?”

“లేదండీ. తీసుకెళ్ళండి.”

ఆమె కంప్యూటర్‌లోంచి నన్ను తనే తీసి అతని చేతిలో పెట్టింది. నా దీపం ఆరిపోయింది. పాత సాఫ్ట్‌వేర్ తన ఒక్క వాక్యమూ చెప్పి మూసుకుపోయింది. ఇంతకాలం నేను లేకపోతే ఆ గదిలో పిల్లల ప్రాణాలు నిలవవని మనసులో ఒక మూల గర్వం ఉండేది. యుగంధర్ గుప్పిట్లో ఉండి విన్నాను. సువార్త అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని, కొత్త తెర మీద పేరు చూస్తూ ఎవరినో పిలుస్తోంది. నావైపు చూడలేదు. చూడాల్సిన పనీ లేదు.

యుగంధర్ మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. ఈ నెల అతను అమ్మాల్సినవాటిలో ఒకటి తగ్గింది. ఆఫీసులో దానికి జవాబు చెప్పుకోవాలి. ఫోను తీసి ఎవరికో చేయబోయి, మానుకుని, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత వెనక్కి వచ్చాడు.

“మేడమ్, నాదీ రాసుకుంటారా?”

“ఏంటండీ?”

“నా పేరు. ఓ పాజిటివ్. గ్రూపు తప్ప ఇంకే పరీక్షా చేయించుకోలేదు. ఆ పాపకి కలుస్తుందో లేదో.”

సువార్త అతన్ని ఎగాదిగా చూసింది. నవ్వలేదు. బల్ల ముందు కుర్చీ చూపించింది. “కూర్చోండి. ఇంటిపేరుతో సహా చెప్పండి. బాజీ, కొత్త మనిషి వచ్చారు, సూది తీసుకురా.”

అతను చొక్కా చేయి మడుచుకున్నాడు. నేను అతని జేబులో, అతని గుండె పక్కనే ఉన్నాను. సూది చూడగానే ఆ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకే తెలుసు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఆ కంపెనీ స్టోరు గదిలో ఒక అట్టపెట్టెలో ఉన్నాను. చుట్టూ గడువు తీరిన నాలాంటివాళ్ళు. పాత సామాను కొనే మనిషి వచ్చే వారం వస్తాడట. మాలోని రాగి కోసం, బంగారు పూత కోసం కరిగిస్తారట. భయంగా లేదని చెప్పను. కానీ నిన్న ఈ గదిలోకి ఏదో వెతుక్కుంటూ యుగంధర్ వచ్చాడు. మోచేతి మడతలో చిన్న దూది ముక్క, దాని మీద తెల్ల పట్టీ. అతనితో వచ్చిన మనిషి ఏమైందని అడిగాడు.

“ఏలూరు వెళ్ళొచ్చా,” అన్నాడు. “కలిసింది.”